పెద్దల గుండెకు డబ్బా బలమా?

కొంతకాలముగా మన కంబైనల్లూరు నేత ఇండ్లలో ఒక కొత్త ఖర్చు ప్రవేశించినది. నూలుకు, రంగుకు, మగ్గము మరమ్మతుకు, పిల్లల చదువుకు లెక్క వ్రాసికొనుట మనకు అలవాటే. ఇప్పుడు ఆ పద్దుల సరసన ‘తాతకు బలము పొడి’, ‘అవ్వకు గుండె గుళికలు’ అను పద్దు కూడ చేరుచున్నది. ఇవి వైద్యుడు చీటీ వ్రాసి ఇచ్చిన మందులు కావు. చేప నూనె గుళికలు, విటమిను మాత్రలు, ప్రోటీను పొడులు, కో-ఎంజైము క్యూ10 అను పేరు గల బిళ్లలు, మూలికల రసములు అన్నియు అందమైన డబ్బాలలో వచ్చుచున్నవి. గుండె గట్టిపడుననియు, ముసలితనములో మరల పడుచుతనపు ఓపిక వచ్చుననియు చెప్పి అమ్ముచున్నారు.

నేతపనివారి పత్రికకు ఈ ప్రస్తావన ఎందుకని కొందరు సంఘీయులు అడుగవచ్చును. రెండు కారణములున్నవి. మొదటిది డబ్బు. ఒక్కొక్క డబ్బా వెల వందలు దాటి వేలకు పోవుచున్నది. దినమంతయు కాళ్లు చేతులు ఆడించి సంపాదించిన మజూరీలో నుండియే అది పోవలెను. రెండవది ప్రాణము. డబ్బా ఇంటికి వచ్చిన తరువాత రక్తపోటు మాత్ర మానివేసిన పెద్దలను మేమెరుగుదుము. ‘ఇంత ఖరీదైనది త్రాగుచుండగా ఆ చిన్న మాత్ర ఎందుకు?’ అను మాట మన వీధులలో వినబడుచున్నది. ఆ మాటయే మాచేత ఈ నాలుగు పంక్తులు వ్రాయించుచున్నది.

మా అభిప్రాయము మొదటనే చెప్పెదము. డబ్బాలన్నియు విషమని మేమనుట లేదు. శరీరములో నిజముగా లోపమున్నప్పుడు ఆ లోపమును తీర్చు మాత్ర గొప్ప మందే. కాని లోపమేదో తెలియక, గుండె సంగతి చూపించుకొనక, ముందుగా డబ్బా కొనుట తలక్రిందుల పని. మొదట పరీక్ష, పిదప కావలసిన మందు, ప్రతిదినము తగిన తిండి, నడక, వీటన్నిటి తరువాత, వైద్యుడు చెప్పినచో, డబ్బా. ఈ వరుసను మన ఇండ్లలో నిలుపుటకు సంఘము పూనుకొనవలెనని మా వాదము.

అసలు ‘బలము’ అనగా ఏమి? ఈ విషయములో లోకమునకు దారి చూపినవారిలో ఒకరు తెలుగువారే. యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరములో జన్మించి, మద్రాసు వైద్య కళాశాలలో చదివిరి. గాంధీగారి పిలుపు విని శస్త్రచికిత్స శాలలో సైతము ఖద్దరు కోటు ధరించినందున అచ్చటి ఆంగ్ల ఆచార్యునికి ఆగ్రహము కలిగినది. అందువలన ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు తక్కువదగు ఎల్.ఎం.ఎస్. పట్టముతో బయటికి రావలసి వచ్చెను. చేత వడికి చేత నేసిన గుడ్డ కొరకు పట్టము పోగొట్టుకొన్న ఆ మహనీయుని మన నేతవారు మరువరాదు. ఆయన అమెరికా చేరి, హార్వర్డులో సైరస్ ఫిస్కేగారితో కలిసి పనిచేసి, 1927లో ఫాస్ఫోక్రియాటిను అను పదార్థమును, 1929లో ఏ.టి.పి. అను పదార్థమును కండరములలో కనుగొనిరి.

గుండె కొట్టుకొనుటకు, చేయి నాడెను విసరుటకు కావలసిన శక్తి ఈ ఏ.టి.పి. ద్వారానే అందుచున్నది. శరీరము దానిని తిన్న అన్నము, పప్పు, నూనెల నుండి, పీల్చిన గాలి సహాయమున, ఎప్పటికప్పుడు తయారుచేసికొనును. విటమినులు ఆ పనిలో పనిముట్లవంటివి. వాటిలో శక్తి లేదు. మగ్గమునకు నాడె కావలెను. నాడె విరిగినచో కొత్తది తేవలెను. కాని మంచి నాడె ఉండగా మరి పది నాడెలు తెచ్చి ప్రక్కన పెట్టినంత మాత్రమున గుడ్డ ఒక్క మూర కూడ ఎక్కువ నేయబడదు. సుబ్బారావుగారి ఆధ్వర్యమున లెడర్లే పరిశోధనశాలలో 1945 నాటికి ఫోలిక్ ఆమ్లము తయారైనది. అది ఒకానొక రకపు రక్తహీనతకు మందుగా వచ్చినదే గాని, అందరికిని అన్నిటికిని బలము పొడిగా రాలేదు.

ముసలివారికి నీరసమెందుకు కలుగును? కారణములనేకము. రక్తహీనత, చక్కెర వ్యాధి, థైరాయిడు గ్రంథి మందగించుట, మూత్రపిండముల జబ్బు, నిద్ర చాలకపోవుట, మనసులో దిగులు, వాడుచున్న మందుల వలని చెరుపు, సరిపడ తినకపోవుట, వీటిలో ఏదైనను కావచ్చును. బి12 విటమిను లోపము మన పెద్దలలో ప్రత్యేకముగా గమనింపదగినది. ఈ విటమిను పాలు, పెరుగు, గ్రుడ్లు, చేపలు, మాంసములలో ఉండును. ధాన్యములలోను కూరగాయలలోను ఉండదు. వయసు మీరిన కొలది దానిని గ్రహించు శక్తి కడుపునకు తగ్గును. చక్కెర వ్యాధికి మెట్‌ఫార్మిన్ మాత్ర చాల ఏండ్లుగా వాడువారికి మరింత తగ్గవచ్చును. అరికాళ్ల తిమ్మిరి, మతిమరుపు, తూలుట, నీరసము ఉన్నచో రక్తపరీక్షతో దీనిని తెలిసికొని, మాత్రతోనో సూదిమందుతోనో సరిచేయవచ్చును. దానికి వేల రూపాయల డబ్బా అక్కరలేదు.

అట్లే వృద్ధునికి ఒంటిలో ఇనుము తగ్గినచో, కడుపులోనో ప్రేగులలోనో రక్తము స్రవించుచున్నదేమో వైద్యుడు చూడవలెను. టానిక్కు త్రాగించి ఊరకున్నచో లోపలి పుండో కంతియో పెరుగుచునే ఉండును. మన ధర్మపురి జిల్లాలో భూగర్భజలమున ఫ్లోరైడు ఎక్కువ అను సంగతి అందరికి తెలిసినదే. హొగెనకల్లు మంచినీటి పథకము వచ్చినదే అందుకొరకు. ఎముకలు నొచ్చి నడుము బిగిసిన పెద్దలకు కాల్షియము డబ్బా కొనుటకు ముందు, వారు ఇన్నేండ్లు ఏ బావి నీరు త్రాగిరో వైద్యునికి చెప్పవలెను.

అన్నిటికంటె ముఖ్యమైన సంగతి ఒకటి గలదు. నీరసము గుండె జబ్బుకే గురుతు కావచ్చును. నాలుగడుగులు వేయగనే ఆయాసము, పాదముల వాపు, వెల్లకిల పడుకొన్నచో ఊపిరాడక లేచి కూర్చొనుట, నడచునప్పుడు ఎదలో బరువు, ఇవి డబ్బాతో తీరునవి కావు. స్త్రీలలోను, చక్కెర వ్యాధి గలవారిలోను ఎదనొప్పి లేకయే చెమట, వాంతి, వింత అలసట రూపమున గుండెపోటు రావచ్చును. అట్టివారిని ‘పొడి త్రాగి పండుకో, తెల్లవారునప్పటికి సరిపోవును’ అనుట చాల ప్రమాదము. వెంటనే 108కి ఫోను చేయవలెను. గుండెపోటులో గడచిన ప్రతి గడియకు గుండె కండరము కొంత చచ్చుచుండును. ఆ పోయిన భాగమును ఏ గుళికయు తిరిగి ఇవ్వలేదు.

ఇక గుండెకు మంచివని చెప్పు గుళికల యోగ్యత ఎంత? ఇది నోటి మాటలతో తేలునది కాదు. వేలమందిని రెండు భాగములు చేసి, ఒక భాగమునకు అసలు గుళిక, రెండవ భాగమునకు అదే రూపముగల ఉత్త గుళిక ఇచ్చి, ఏండ్ల తరబడి చూచిన పరీక్షలున్నవి. అమెరికాలో 25,871 మందిపై జరిపిన విటాల్ పరీక్ష ఫలితములు 2018లో వెలువడినవి. దినమునకు 1 గ్రాము చేప నూనె గుళిక గాని, విటమిను డి గాని, పెద్ద గుండె జబ్బులను, పక్షవాతమును చెప్పుకొనదగినంతగా తగ్గింపలేదు. అదే సంవత్సరము బ్రిటనులో 15,480 మంది చక్కెర వ్యాధిగ్రస్తులపై ముగిసిన పరీక్షలో కూడ చేప నూనె అట్లే తేలినది. విటమిను ఇ సంగతి 2000 సంవత్సరముననే తెలిసినది. 9,541 మందిపై చూచినను గుండెకు మేలు కనబడలేదు.

న్యాయముగా మాటాడవలెనన్నచో రెండవ వైపు కూడ చెప్పవలెను. చేప నూనె నుండి శుద్ధిచేసిన ఒక ఔషధము, దినమునకు 4 గ్రాముల మోతాదులో, రక్తములో కొవ్వు ఎక్కువగానున్న రోగులకు మేలు చేసినదని 2018లో ఒక పరీక్ష తెలిపినది. 2020లో ముగిసిన మరియొక పరీక్షలో వేరొక చేప నూనె మందుతో ఆ మేలు కనబడలేదు. పెద్ద మోతాదులో చేప నూనె వాడినచో గుండె లయ తప్పు జబ్బు హెచ్చునని కూడ బయటపడినది. కో-ఎంజైము క్యూ10 గుండె బలహీనపడిన 420 మంది రోగులకు సాయపడినట్లు 2014లో ప్రకటించిరి; అది చిన్న పరీక్ష, ఆ రోగులు తమ మందులతో పాటు దానిని వాడినవారు. కనుక ఇట్టివి వైద్యుడు రోగిని చూచి నిర్ణయింపవలసినవి. సంతలో చీర బేరమాడినట్లు బేరమాడి కొనునవి కావు.

2022లో అమెరికాలో 190 మందిపై మరియొక పోలిక చేసిరి. ఒక గుంపునకు రోసువాస్టాటిన్ అను సామాన్యమైన కొలెస్టరాలు మాత్రను 5 మిల్లీగ్రాముల చిన్న మోతాదులో ఇచ్చిరి. మిగిలిన గుంపులకు చేప నూనె, వెల్లుల్లి, పసుపు, దాల్చినచెక్క మున్నగు గుళికలు ఇచ్చిరి. 28 దినములలో ఆ మాత్ర చెడ్డ కొలెస్టరాలును సుమారు 38 శాతము తగ్గించినది. గుళికలలో ఒక్కటియు ఉత్త గుళికను మించిన పని చేయలేదు. పలుచని నేతకు దట్టముగా గంజి పెట్టి, అంగడిలో బిగువు చూపు వర్తకుని మనమెరుగుదుము. మొదటి ఉతుకులో గంజి పోయి గుడ్డ సంగతి బయటపడును. ఈ పరీక్షలు అట్టి ఉతుకువంటివే.

‘పని చేయకపోయిన పోనిండు, హాని లేదు గదా’ అందురు. అదియు నిజము కాదు. రక్తము గడ్డకట్టకుండ వార్‌ఫరిన్ మాత్ర వాడువారికి విటమిను కె, క్యూ10 గుళికలు ఆ మందు పనిని చెరచగలవు. అతిమధురము ఎక్కువగా వాడినచో రక్తపోటు పెరిగి, ఒంటిలోని పొటాసియము పడిపోవును. అశ్వగంధ వాడిన కొందరికి కాలేయము చెడినట్లు వైద్యులు వ్రాసియున్నారు. మూత్రపిండములు చెడినవారికి ప్రోటీను పొడి భారమగును. ఇంటర్నెట్టు ద్వారా అమ్ముడగుచున్న 193 ఆయుర్వేద పదార్థములను అమెరికా పరిశోధకులు పరీక్షింపగా, దాదాపు అయిదింట ఒకదానిలో సీసమో, పాదరసమో, పాషాణమో ఉన్నట్లు 2008లో ప్రకటించిరి. మన దేశపు అంగళ్లలోని 36 ప్రోటీను పొడులను కేరళ వైద్యులు పరీక్షింపగా, సుమారు 70 శాతము డబ్బాలలో పైన అచ్చువేసిన ప్రోటీను లెక్క సరిగా లేదని 2024లో తేలినది. నూలు కొనునప్పుడు నంబరు చూచి, చిలప విప్పి, పోగు లాగి చూచు మనము, నోట వేసికొను వస్తువునకు అంతమాత్రము పరీక్షయైనను చేయవలదా?

చట్టము సంగతియు తెలిసికొనవలెను. గుండె జబ్బు, రక్తపోటు, చక్కెర వ్యాధి, పక్షవాతము నయము చేయుదుమని మందులకు ప్రకటనలు చేయుటను 1954 నాటి మందులు, మాయ చికిత్సల చట్టము నిషేధించుచున్నది. 2006 నాటి ఆహార భద్రత చట్టము క్రింద 2016లో చేసిన నిబంధనల ప్రకారము ఇట్టి డబ్బాలపై ‘వైద్య ఉపయోగమునకు కాదు’ అను అర్థమిచ్చు మాట అచ్చువేయవలెను. ఆ మాట ఆంగ్లములో ఉండును; మన అవ్వ తాతలు చదువలేరు. డబ్బా మీద మందు కాదని అచ్చువేసి, గుమ్మములో కూర్చుండి మందని చెప్పి అమ్ముటయే ఈ వ్యాపారములోని కిటుకు. ఇంట చదువుకొన్న పిల్లలు డబ్బాను త్రిప్పి, ఆ పంక్తిని పెద్దలకు తెలుగులో చదివి వినిపించినచో సగము పని అయినట్లే.

అమ్మువారు పరాయివారు కారు, అందువలననే చిక్కు. మేనత్త కొడుకో, వదినగారి చెల్లెలో, వియ్యంకుల బంధువో వచ్చి కూర్చొందురు. మొగమాటమునకు ఒక డబ్బా కొందుము. పిదప ‘మీరును చేరుడు, మరి నలుగురిని చేర్పుడు’ అందురు. నేరుగా అమ్ము కంపెనీలకు కేంద్ర ప్రభుత్వము 2021 డిసెంబరులో నిబంధనలు చేసినది. చేరుటకు రుసుము పుచ్చుకొనరాదు. మనుషులను చేర్చుటపై డబ్బు వచ్చు గొలుసు వ్యాపారము చేయరాదు. మన బంధువులను మేము నిందించుట లేదు. వారిలో చాలమంది మగ్గము కూడు పెట్టక ఈ దారి పట్టినవారే. కాని ఒక నేత ఇంటి కష్టమును మరియొక నేత ఇంటి ముసలివారి మీద దింపుట పరిష్కారము కాదు.

పెద్దలు ఎందుకు కొనుచున్నారో కూడ ఆలోచింపవలెను. ఆసుపత్రిలో వరుస పెద్దది, మాట చిన్నది. డబ్బా తెచ్చినవాడు అరగంట కూర్చొని ‘అవ్వా, నిద్ర పట్టుచున్నదా? మోకాలు ఎట్లున్నది?’ అని అడుగును. అవ్వ కొన్నది గుళికను కాదు, తన్ను గూర్చి అడుగు మనిషిని. హోసూరులోనో, బెంగుళూరులోనో, తిరుప్పూరులోనో పనిచేయు కుమారుడు డబ్బా పంపుచున్నాడన్నచో అందులో ప్రేమయున్నది, కాదనము. నాయనా, ఆ ప్రేమను కొంచెము దారి మార్చుడని మాత్రమే మా మనవి. డబ్బా పంపు నెలలో ఒక దినము వచ్చి, నాన్నను వెంటబెట్టుకొని పోయి, రక్తపోటు, చక్కెర, రక్తము చూపించుడు. ఇంటిలోనున్న మాత్రలు, పొడులు, రసములు అన్నియు ఒక సంచిలో వేసి వైద్యుని ముందు పెట్టుడు. ఏది ఉంచవలెనో, ఏది తీసివేయవలెనో ఆయన చెప్పును.

రక్తపోటు నొప్పి లేని జబ్బు. దేశములో 31.5 కోట్ల మందికి రక్తపోటు, 10.1 కోట్ల మందికి చక్కెర వ్యాధి ఉన్నట్లు భారత వైద్య పరిశోధన మండలి సర్వే 2023లో అంచనా వేసినది. ఈ రెంటికి మాత్రలు మన రాష్ట్రములో ప్రభుత్వ ఆరోగ్య కేంద్రమునందు ఉచితముగా దొరకును. ఆ మాత్రలను గడప వద్దకే చేర్చు ‘మక్కళై తేడి మరుత్తువం’ పథకమును 2021 ఆగస్టు 5న ప్రారంభించినది మన పొరుగు కృష్ణగిరి జిల్లాలోని సామనపల్లిలోనే. పైసా ఖర్చు లేని మాత్రను మాని, వేలు పోసి మందు కానిదానిని కొనుట ఏపాటి లెక్క?

తిండి విషయములో మనకు కొరత లేదు. మన నేలపై పండు రాగులలో 100 గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియము గలదు. ఉలవలు, పెసలు, వేరుసెనగలు, ఆకుకూరలు, మజ్జిగ, అలవాటున్నవారికి గ్రుడ్డు, చేప, ఇవి చాలును. 1918లో కూనూరులో పుట్టి 1958లో హైదరాబాదు చేరిన జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనలలో ప్రోటీను పొడుల జోలికి పోవలదనియే చెప్పినది. ఒక హెచ్చరిక: రాగి సంకటి మంచిదని చక్కెర వ్యాధి గలవారు రెండు ముద్దలు ఎక్కువ తినరాదు, అదియు పిండి పదార్థమే. ఉప్పు దినమునకు 5 గ్రాములు, అనగా ఒక చిన్న చెంచాడు, దాటరాదు. ఊరగాయ, అప్పడము, ఎండుచేప ఉన్న ఇంట అది దాటుట సులభము. చుట్ట, బీడి, వక్కాకులోని పొగాకు మానినచో గుండెకు కలుగు మేలు ఏ డబ్బాతోను రాదు.

మరియొకటి కదలిక. గుంట మగ్గము మీద నలువది ఏండ్లు కాళ్లాడించిన మనిషి, మగ్గము దిగిన మరునాటి నుండి అరుగు మీద కూర్చుండిపోవును. వాడని కండరము కరగును. దానినే మనము ‘బలము పోయినది’ అందుము. అమెరికాలో 70 నుండి 89 ఏండ్ల వయసుగల 1,635 మందిని రెండేండ్లకు పైగా గమనించి 2014లో తెలిపిన ఫలితమేమనగా, క్రమముగా నడక, చిన్న వ్యాయామము చేసినవారిలో నడవలేని స్థితి తక్కువగా వచ్చినది. ఎదనొప్పి, ఆయాసము లేనివారు ప్రొద్దున సాయంకాలము నడువవచ్చును. ఉన్నవారు వైద్యుని అడిగి మొదలుపెట్టవలెను.

ఇక సంఘము చేయదగిన పనులు. ఒకటి, బలము పొడుల అమ్మకపు సభలకు సంఘపు గదిని అద్దెకైనను ఇవ్వరాదు. ఈ పత్రికలో వాటి ప్రకటనలు వేయరాదు. ఆ ఆదాయము పోయిన పోనిండు. రెండు, మజూరీ పంచు దినమున నెలకొకసారి రక్తపోటు చూచు ఏర్పాటు చేయవలెను. మంచి యంత్రము ఒకటి కొనుటకు అయ్యెడి ఖర్చు కొన్ని డబ్బాల వెలను మించదు. మూడు, పోటు ఎక్కువ ఉన్నవారి పేరు వ్రాసికొని, వారు ఆరోగ్య కేంద్రమునకు పోయినదియు లేనిదియు మరుసటి నెల అడుగవలెను. ఆ అడుగుటయే పెద్దలకు కావలసిన సగము మందు. నాలుగు, ఇష్టమై కొనువారిని ఎవరును అవమానింపరాదు. వైద్యుడిచ్చిన మాత్రను మాత్రము మానవలదని గట్టిగా చెప్పవలెను.

మన తాతలు అవ్వలు వేసిన పడుగు మీదనే మనము నేడు పేక కొట్టుచున్నాము. వారి చివరి ఏండ్లు ఓపికతో, గౌరవముతో గడచుట మన బాధ్యత. రాబోవు సర్వసభ్య సమావేశమున పై నాలుగు అంశములను చర్చకు తెచ్చి, తీర్మానము చేయవలెనని సంఘీయులను కోరుచున్నాము.